అతుకు బలం ఎక్కడిది?

జేమ్స్ విలియం మెక్‌బెయిన్ పేరు చెబితే రసాయన శాస్త్రం చదివినవాళ్లకు సబ్బు గుర్తొస్తుంది. సబ్బు అణువులు నీళ్లలో ఒంటరిగా తిరగవనీ, గుంపులు కడతాయనీ, ఆ గుంపులు విద్యుదావేశాన్ని కూడా మోస్తాయనీ 1913 ప్రాంతంలో ఆయన అన్నప్పుడు నమ్మినవాళ్లు తక్కువ. ఆ గుంపులనే ఇవాళ మిసెల్స్ అంటున్నాం. 1882లో కెనడాలో పుట్టి, ఇంగ్లండ్‌లో బ్రిస్టల్ విశ్వవిద్యాలయంలోనూ తర్వాత అమెరికాలో స్టాన్‌ఫర్డ్‌లోనూ ఆచార్యుడిగా పనిచేసి, ఇంటిపట్టున కూర్చోవలసిన వయసులో పుణె వచ్చారు. 1950 జనవరి 3న ప్రారంభమైన జాతీయ రసాయన ప్రయోగశాలకు ఆయనే మొదటి డైరెక్టరు. 1953లో కన్నుమూశారు. ఆయన్ని తలచుకునే హక్కు మనకు ఆ పుణె కాపురం వల్ల వచ్చింది. అయితే ఇవాళ నేను సబ్బు జోలికి పోను. ఆయన పనిలో తక్కువమంది పట్టించుకున్న భాగం జిగురు. రెండు వస్తువులు ఒకదానికొకటి ఎందుకు అంటుకుంటాయి, అంటుకున్నవి ఎంత బలంగా ఎందుకు నిలుస్తాయి అన్న ప్రశ్న చుట్టూనే ఈ ఉపన్యాసం నడుస్తుంది.

మొదటి ప్రపంచ యుద్ధంలో విమానాలు కర్రవి. వాటి రెక్కలు నిలిచింది పాల విరుగుడు నుంచి తీసిన కేసీన్ మీద, పశువుల చర్మాలూ ఎముకలూ ఉడికించి తీసిన జిగుళ్ల మీద. వడ్రంగి చేతివాటంగా ఉన్న విద్య ఒక్కసారిగా ప్రాణాలకు సంబంధించిన విషయమైంది. యుద్ధం ముగిశాక బ్రిటిష్ ప్రభుత్వం జిగుళ్ల మీద పరిశోధనకు ఒక సంఘాన్ని వేసింది. బ్రిస్టల్‌లో మెక్‌బెయిన్ బృందం చేసిన పని ఆ నేపథ్యంలోది. 1925లో హాప్కిన్స్‌తో కలిసి ఆయన ప్రచురించిన వ్యాసం ఈ శాస్త్రానికి ఓనమాల వంటిది. అందులో అంటుకోవడాన్ని రెండు రకాలుగా విడదీశారు. కర్ర, కాగితం, గుడ్డ వంటి రంధ్రాల వస్తువుల్లోకి జిగురు ఇంకి, గట్టిపడి, వేళ్లు దిగినట్టు పట్టుకోవడం ఒకటి. దాన్ని యాంత్రికమైన అతుకు అన్నారు. అద్దం, మెరుగుపెట్టిన లోహం వంటి నున్నటి తలాల మీద, ఇంకడానికి సందు లేనిచోట కూడా అణువుల మధ్య ఆకర్షణ వల్ల పట్టుకోవడం రెండోది. దానికి విశిష్ట సంలగ్నత అని పేరు. ఒక తలాన్ని తడిపి, ఆ తర్వాత చల్లబడో ఆరిపోయో ఆక్సీకరణం చెందో గట్టి ముద్దగా మారగల ఏ ద్రవమైనా ఆ తలానికి జిగురే అని కూడా వాళ్లు తేల్చారు. ఈ నిర్వచనంలో రెండు షరతులున్నాయని గమనించాలి. తడపడం తలం మీద జరిగే పని, గట్టిపడడం జిగురు ఒంట్లో జరిగే పని.

ఇక్కడే నాకు ఒక విచిత్రం కనిపిస్తుంది. ఇదే మెక్‌బెయిన్ 1909లో బొగ్గు హైడ్రోజన్‌ను ఎలా పట్టుకుంటుందో పరిశీలించారు. కొంత హైడ్రోజన్ బొగ్గు తలం మీద చప్పున చేరుతోంది, కొంత నెమ్మదిగా లోపలికి ఇంకుతోంది. మొదటిదాన్ని అధిశోషణం అంటాం, రెండోదాన్ని శోషణం అంటాం. రెండూ కలిసే జరుగుతున్నప్పుడు ఆ మొత్తానికి ఒక పేరుండాలని ఆయన ఇంగ్లీషులో ముందున్న ఉపసర్గలు తీసేసి 'సార్ప్షన్' అనే కొత్త మాట పుట్టించారు. పైనా లోపలా ఒకేసారి జరిగేదాన్ని ఒక్క మాటలో చూడగలిగిన మనిషి, జిగురు దగ్గరికి వచ్చేసరికి పైదాన్ని అద్దానికీ, లోపలిదాన్ని కర్రకూ పంచిపెట్టారు. నా వాదన ఇదీ: ఆ రెండూ వేర్వేరు రకాల అతుకులు కావు. ప్రతి అతుకులోనూ రెండూ ఉంటాయి. తలం ఇచ్చేది చాలా చిన్న మొత్తం. ఆ చిన్న మొత్తాన్ని జిగురు ఒళ్లు వందల రెట్లో వేల రెట్లో పెంచుతుంది. వాటి సంబంధం కూడికది కాదు, హెచ్చవేతది.

తలం సంగతి ముందు చూద్దాం. 1805లో థామస్ యంగ్ ఒక ద్రవపు బొట్టు ఘనతలం మీద ఏ కోణంలో కూర్చుంటుందో ఆ కోణమే వాటి మధ్య చనువును చెబుతుందని గ్రహించాడు. 1869లో దుప్రే దాన్ని శక్తి లెక్కల్లోకి మార్చాడు. ద్రవం తలతన్యతా స్పర్శకోణమూ తెలిస్తే, ఒక చదరపు మీటరు మేర ఆ రెంటినీ విడదీయడానికి కనీసం ఎంత పని కావాలో చెప్పవచ్చు. నీటి తలతన్యత చదరపు మీటరుకు సుమారు 72 మిల్లీజౌల్స్. టెఫ్లాన్ మీద నీటిబొట్టు సుమారు 110 డిగ్రీల కోణంలో నిలబడుతుంది. లెక్క కడితే వాటిని విడదీసే పని 47 మిల్లీజౌల్స్ వస్తుంది. అంటే దేన్నీ అంటనివ్వదని పేరుమోసిన టెఫ్లాన్ కూడా నీటిని కొంత లాగుతూనే ఉంది. నీరు తనను తాను ఇంకా గట్టిగా లాగుకుంటుంది కాబట్టి బొట్టు ముడుచుకుంటుంది. సున్నా ఆకర్షణ అనేది ప్రకృతిలో దొరకదు. ఇక ఈ తలం ఎంత మందం? అమెరికా నౌకాదళ పరిశోధనశాలలో విలియం జిస్మన్ బృందం ఇచ్చిన జవాబు తిరుగులేనిది. లోహం మీద ఒకే ఒక్క అణువు మందాన ఒక పొర పరిచి, ఆ అణువుల చివరలో ఒక కార్బన్, మూడు ఫ్లోరిన్లు బయటికి చూసేలా నిలబెడితే, ఆ లోహం టెఫ్లాన్ కంటే కూడా తక్కువ తడుస్తుంది. బొట్టుకు తెలిసేది ఆ చివరి నాలుగు పరమాణువులే. కింద ఉన్నది ప్లాటినమో ఇనుమో దానికి పట్టదు.

బొట్టు కోణం పరోక్ష సాక్ష్యం కదా, రెండు ఘనపదార్థాలను నేరుగా ఆనించి కొలవలేమా అంటే, 1971లో కేంబ్రిడ్జ్‌లో జాన్సన్, కెండల్, రాబర్ట్స్ అనే ముగ్గురు దారి చూపారు. మెత్తటి రబ్బరు గోళాన్ని మరో తలం మీద ఆనిస్తే, బరువేమీ పెట్టకపోయినా తాకిన చోట చిన్న గుండ్రటి మచ్చ ఏర్పడుతుంది. ఆకర్షణ గోళాన్ని కొద్దిగా చప్పిడి చేస్తుందన్నమాట. మచ్చ వెడల్పు నుంచి ఆకర్షణ శక్తిని రాబట్టవచ్చు. ఇరవై ఏళ్లకు, 1991లో, మనోజ్ చౌధురి, హార్వర్డ్ రసాయన ఆచార్యుడు జార్జ్ వైట్‌సైడ్స్ కలిసి సిలికోన్ రబ్బరుతో చిన్న కటకాలు పోసి, అదే సిలికోన్ పలకల మీద ఆనించి మచ్చలు కొలిచారు. తలశక్తి చదరపు మీటరుకు 22 మిల్లీజౌల్స్ దరిదాపుల్లో తేలింది; స్పర్శకోణాలు చెప్పే విలువా దాదాపు అదే. యంగ్ ఊహకూ ఈ కొలతకూ మధ్య 186 ఏళ్లు. రెండు దారులూ ఒకే ఊరికి చేరడం సామాన్యమైన విషయం కాదు. తలశక్తి అనేది లెక్కల సౌకర్యం కోసం పుట్టించిన సంఖ్య అన్న అనుమానం అక్కడితో పోవాలి.

ఇప్పుడు అసలు చిక్కు. ప్యాకింగ్ టేపు ముక్కను గాజు పలక అడుగున అంటించి, ఒక కొస కిందికి వేలాడదీసి, దానికి బరువు కట్టండి. టేపు వెడల్పు రెండున్నర సెంటీమీటర్లు, 250 గ్రాముల బరువుకు అది నెమ్మదిగా ఒలుచుకుంటూ వస్తోందనుకుందాం. లెక్క చేస్తే చదరపు మీటరుకు సుమారు 100 జౌల్స్ ఖర్చవుతోంది. టేపు బంకకూ గాజుకూ మధ్య తలశక్తి లెక్క ప్రకారం ఖర్చు కావలసింది 0.05 జౌల్ లేదా దానికి కాస్త అటూ ఇటూ. రెండు వేల రెట్ల తేడా! మిగతా 99 జౌల్స్ పైచిలుకు ఎక్కడికి పోయాయి? ఊడే చోటికి కన్ను దగ్గరగా పెట్టి చూస్తే జవాబు కనిపిస్తుంది. బంక గాజును వదిలేముందు సన్నటి తీగలుగా సాగుతుంది. పనసపండు తొనను చీల్చినప్పుడు పాలు సాగినట్టు. ఒక్కో తీగ సాగి, సన్నబడి, చివరికి అడుగున పట్టు వదిలి వెనక్కి ముడుచుకుంటుంది. ఆ సాగుడులో బంక అణువుల పొడవాటి గొలుసులు ఒకదాని మీద ఒకటి రాసుకుంటూ జారతాయి. మనం పెట్టిన పని దాదాపు అంతా ఆ రాపిడిలో వేడిగా పోతుంది. మీరు అదే టేపును చప్పున లాగితే ఇంకా ఎక్కువ బలం పట్టడానికి కారణం కూడా ఇదే. గాజుకూ బంకకూ మధ్య ఆకర్షణ మీ తొందరను బట్టి మారదు. గొలుసుల రాపిడి మారుతుంది.

ఇది చూసి చాలామంది ఇంజనీర్లు ఒక నిర్ణయానికి వచ్చారు. ఖర్చులో రెండు వేలవ వంతు కూడా కాని తలశక్తి గురించి రసాయనులు ఇంత హడావిడి ఎందుకు చేయాలి? జిగురు ఒళ్లు బాగుంటే చాలదా? ఈ ఆక్షేపణ తేలిగ్గా తీసేయదగింది కాదు. కూడికే అయితే వాళ్లదే గెలుపు: వంద రూపాయల బిల్లులో ఐదు పైసల పద్దును ఎవరూ పట్టించుకోరు. కూడికో హెచ్చవేతో తేల్చిన ప్రయోగం 1972లో గెంట్, షుల్ట్జ్ చేశారు. రబ్బరు పొరను పాలియెస్టర్ పలక నుంచి ఒకసారి గాలిలో, తర్వాత రబ్బరును ఉబ్బించని రకరకాల ద్రవాల్లో ముంచి ఒలిచారు. ద్రవం సందులోకి చొరబడి తలాల మధ్య ఆకర్షణను తగ్గిస్తుంది; రబ్బరు ఒంటిని ముట్టుకోదు. కూడికే నిజమైతే ఒలిచే బలంలో మార్పు కంటికి కనిపించకూడదు. కాని బలం తలశక్తి తగ్గిన నిష్పత్తిలోనే తగ్గింది. తలశక్తి సగమైతే మొత్తం ఖర్చూ సగమే. వేగంతో బలం పెరిగే తీరు మాత్రం గాలిలో ఎలా ఉందో ద్రవంలోనూ అలాగే ఉంది. కారణం ఆలోచిస్తే తెలిసిపోతుంది. అడుగున పట్టు ఎంత గట్టిగా ఉంటే బంక తీగ వదిలేముందు అంత ఎక్కువ సాగుతుంది, అంత ఎక్కువ శక్తిని తింటుంది. పట్టు బలహీనమైతే తీగ సాగకముందే ఊడుతుంది. తినే సత్తా ఒంట్లో ఎంతున్నా దానికి అవకాశమే రాదు. గోరంత తలం కొండంత ఖర్చుకు తాళంచెవి పట్టుకుని కూర్చుంది.

హెచ్చవేతలో ఒక సంఖ్య సున్నా అయితే రెండోది ఎంతైనా ఫలితం సున్నాయే. ఇది మాటల గారడీ కాదనడానికి 1974లో గ్లెడ్‌హిల్, కిన్‌లాక్ కట్టిన లెక్క చూడండి. ఇనుప ఆక్సైడ్‌కూ ఎపాక్సీ జిగురుకూ మధ్య అతుకు శక్తి పొడి గాలిలో చదరపు మీటరుకు సుమారు 290 మిల్లీజౌల్స్. నీళ్లు చేరితే అదే సంఖ్య మైనస్ 250 దాకా పడిపోతుంది. రుణ సంఖ్య అంటే జిగురును లాగక్కర్లేదు, నీరే నెట్టేస్తుంది. ఆక్సైడ్‌కు ఎపాక్సీ కంటే నీరంటే ఎక్కువ ప్రీతి. ఎంత సాగే గుణమున్న జిగురైనా అప్పుడు చేయగలిగిందేమీ లేదు. ఈ లెక్క ఆకాశంలో ఎలా కనిపించిందో 1988 ఏప్రిల్ 28న హవాయి దీవుల మీద తెలిసింది. అలోహా ఎయిర్‌లైన్స్ వారి బోయింగ్ 737 విమానం 24 వేల అడుగుల ఎత్తులో ఉండగా ముందు భాగం పైకప్పు సుమారు 18 అడుగుల మేర ఊడి ఎగిరిపోయింది. సిబ్బందిలో ఒకరు చనిపోయారు. విమానం మాత్రం దిగగలిగింది. ఆ రకం విమానాల తొలి తయారీలో అల్యూమినియం రేకుల అంచులను ఒకదాని మీద ఒకటి వేసి చల్లని జిగురుతో అతికి, దాని మీద రివెట్లు కొట్టారు. తలాన్ని సిద్ధం చేయడంలో లోపాల వల్లా, తేమ వల్లా జిగురు పట్టు వదిలింది. సందులోకి తేమ చేరి తుప్పు పట్టింది. జిగురు మోయవలసిన భారం రివెట్ల మీద పడింది. రివెట్ల రంధ్రాల అంచుల నుంచి పగుళ్లు పాకాయి. సముద్రపు గాలిలో దీవి నుంచి దీవికి రోజూ పలుమార్లు ఎక్కి దిగే విమానం అది. అప్పటికి దాదాపు 90 వేల సార్లు ఎగిరింది. తలాన్ని ఐదు పైసల పద్దుగా చూస్తే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే ఖరీదైన ఉదాహరణ నాకు తెలియదు.

రెండో ఆక్షేపణ ఇంకా లోతైనది. దాన్ని లేవనెత్తినవాడు జాకబ్ బైకర్మన్. అతుకు తెగినప్పుడు పగులు సరిగ్గా రెండు పదార్థాల సరిహద్దు వెంట, ఒక్క పరమాణువు కూడా అటూ ఇటూ తప్పకుండా నడుస్తుందని ఎలా నమ్మమంటారు అని ఆయన అడిగాడు. అంత నిక్కచ్చిగా నడిచే అవకాశం అతి స్వల్పం. కాబట్టి జిగురులోనో, అతికిన వస్తువులోనో, వాటి మధ్య పేరుకున్న మురికి, జిడ్డు, గాలి బుడగలు వంటి బలహీనమైన పొరలోనో తెగుతుంది తప్ప తలాల మధ్య ఆకర్షణకు ఇందులో పాత్రే లేదన్నాడు. పాలిథిన్ సంగతే తీసుకోండి. దానికి ఏ జిగురూ అంటదు. తలశక్తి తక్కువ కాబట్టి అని అందరూ అనేవారు. 1960లలో బెల్ లాబ్స్‌లో హాన్సెన్, షోన్‌హార్న్ అనే ఇద్దరు జడవాయువుల విద్యుదుత్సర్గంలో పాలిథిన్‌ను కాసేపు ఉంచి, పైపొరలోని గొలుసులను ఒకదానికొకటి ముడివేశారు. తడిసే గుణం పెద్దగా మారలేదు; అతుకు మాత్రం గట్టిపడింది. ఇది బైకర్మన్ పక్షాన పడిన సాక్ష్యమే, ఒప్పుకోవాలి. నేను దాటేయలేను. అయితే ఇది నిరూపించింది ఏమిటి? పాలిథిన్ విషయంలో హెచ్చవేతలోని రెండో అంకె, అంటే తలానికి ఆనుకుని ఉన్న ఒళ్లు, బలహీనంగా ఉండేదని. మొదటి అంకెకు విలువ లేదని కాదు. అలా అనాలంటే, ఒళ్లు ఏమాత్రం మార్చకుండా తలాన్ని ఒక్క అణువు మందాన మార్చినా అతుకు మారకూడదు. చౌధురి, వైట్‌సైడ్స్ చేసింది సరిగ్గా అదే. అదే సిలికోన్ రబ్బరు మీద రకరకాల ఏకాణు పొరలు పరిచి కొలిచారు. చివరి పరమాణువులు మారితే అతుకు శక్తి మారింది. ఇక్కడ తుడిచిపారేయడానికి మురికీ లేదు, ముడివేయడానికి బలహీనమైన పొరా లేదు.

బల్లిని మూడో సాక్షిగా పిలవాలి. ఎక్కడ మీద పడితే ఏమి ఫలమో శాస్త్రం రాసుకున్నాం గాని, అసలు అది పడకుండా ఎలా ఉంటోందన్నది మనవాళ్లు పెద్దగా అడిగినట్టు లేదు. 2000లో కెల్లర్ ఆటమ్ బృందం టోకే బల్లి పాదం నుంచి ఒకే ఒక్క వెంట్రుకను తీసి కొలిచింది. ఒక్క వెంట్రుక పక్కకి లాగినప్పుడు సుమారు 200 మైక్రోన్యూటన్ల బలం తట్టుకుంది. ఒక్కో పాదంలో అలాంటివి దాదాపు 5 లక్షలు. ఒక్కో వెంట్రుక కొస వందలకొద్దీ రేకులుగా చీలి ఉంటుంది. ఒక్కో రేకు వెడల్పు మిల్లీమీటరులో 5 వేలవ వంతు. 2002లో అదే బృందం ఈ పట్టు ప్రధానంగా వాన్ డర్ వాల్స్ ఆకర్షణే అని చూపింది. దీన్ని నా మీదికి తిప్పవచ్చు: బల్లి పాదంలో బంక లేదు, సాగే తీగలు లేవు, గట్టి కెరటిన్ మాత్రమే ఉంది, మరి మీ ఒంటి ఖర్చు ఏదీ? నిజానికి బల్లే ఈ వాదనకు చక్కటి ఉదాహరణ. గట్టి పదార్థమైనా జుట్టంత సన్నగా చీలిస్తే వంగుతుంది. వంగింది కాబట్టి గోడ గరుకులోకి దిగి తాకగలుగుతుంది. మైక్రాన్ ఎత్తు గరుకుతనం కూడా రబ్బరు అతుకును పాడుచేస్తుందని ఫుల్లర్, టేబర్ 1975లోనే చూపారు. రెండు గాజు పలకలు ఒకదానికొకటి అంటుకోకపోవడానికి కారణం అదే. ఇక ఒక్కో వెంట్రుక ఊడేముందు విల్లులా సాగి శక్తిని దాచుకుంటుంది. ఊడగానే ఆ శక్తి పక్క వెంట్రుకకు అందకుండా వృథాగా పోతుంది. బంక చేసే పనిని ఇక్కడ ఆకారం చేస్తోంది. పాదం కోణం మారిస్తే ఆ ఖర్చు లేకుండా చప్పున ఊడుతుంది కాబట్టే అది గోడ మీద పరుగెత్తగలుగుతోంది.

మెక్‌బెయిన్ విభజనకు తిరిగి వస్తాను. కర్రలో జిగురు పట్టడం కేవలం వేళ్లు దిగడమేనా? కొండపల్లి బొమ్మను చూడండి. తేలికైన తెల్లపొణికి కర్రతో ఒంటి భాగాలు విడివిడిగా చెక్కి, చింతగింజల పొడిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. పొణికి ఒళ్లంతా రంధ్రాలే, మక్కు అందులోకి ఇంకుతుంది. బ్రిస్టల్ లెక్కలో ఇది అచ్చమైన యాంత్రిక అతుకు. కాని చింతగింజలో ఉన్నది జైలోగ్లూకాన్ అనే చక్కెరల గొలుసు. మొక్కల కణాల గోడల్లో సెల్యులోజ్ దారాలను పట్టుకుని ఉండే పదార్థం ఆ కుటుంబానిదే. కర్రలో ఉన్నదీ సెల్యులోజే. అంటే చింతగింజ పాకం కర్ర తలాన్ని అణువు అణువునా గుర్తుపడుతోంది. ఇది విశిష్ట సంలగ్నత కాకపోతే మరేమిటి? పొట్టు సంగతి వేరు. ఆరేటప్పుడు ముద్ద కుంచించుకుని చీలిపోకుండా, పగులు పుడితే నేరుగా పారకుండా అడ్డం పడడం దాని పని. తలం వాటా చింతగింజది, ఒంటి వాటా పొట్టుది. నిష్పత్తి తప్పితే ముద్ద పలచనై జారుతుంది, లేదా పొట్టు ఎక్కువై కర్రను తడపదు.

ఈ హెచ్చవేతకు హద్దులున్నాయి. జిగురు గొలుసులు అవతలి పదార్థంలోకి చొచ్చుకుని చిక్కుపడినప్పుడు, తలం ఎక్కడ ముగిసి ఒళ్లు ఎక్కడ మొదలైందో చెప్పలేం. రెండు అంకెలను విడదీసి రాయడమే కుదరదు. జిగురు పొర మరీ పలచనైతే శక్తి తినే చోటు చాలదు, లెక్క మారిపోతుంది. గట్టి జిగుళ్లలో ఒంటి ఖర్చు తలం పట్టుతో పాటు సూటిగా కాక, ఇంకా వేగంగా పెరగవచ్చు. అవన్నీ ఒప్పుకుంటూనే, మన డిగ్రీ తరగతుల్లో తలాల రసాయనం అధిశోషణ సమీకరణాలతో ఆగిపోవడం, పాలిమర్ల సాగుడు మరో అధ్యాయంలో ఒంటరిగా పడి ఉండడం సరికాదంటాను. రెంటినీ కలిపే ప్రయోగానికి పెద్ద ఖర్చేమీ లేదు. ఒక గాజు పలక, రెండున్నర సెంటీమీటర్ల టేపు, 50 గ్రాముల బరువులు ఓ డజను, సెల్‌ఫోన్ గడియారం చాలు. పలక అడుగున టేపు అంటించి, బరువులు ఒక్కొక్కటిగా పెంచుతూ నిమిషానికి ఎన్ని మిల్లీమీటర్లు ఊడుతోందో రాసుకోవాలి. తర్వాత కొత్త ముక్కతో, ఊడే అంచు దగ్గర సబ్బు నీళ్లు చుక్కలుగా వేస్తూ మళ్లీ చేయాలి. సబ్బు నీళ్లంటే మెక్‌బెయిన్‌కూ సంతోషమే. నీరు బంక ఒంట్లోకి ఇంకకముందే, మొదటి కొద్ది నిమిషాల్లో కొలతలు ముగించాలి. వేగాన్ని ఒక అక్షం మీద, బలాన్ని మరో అక్షం మీద లాగరిథమ్ కాగితంపై గీస్తే రెండు గీతలు వస్తాయి. నేను చెప్పింది నిజమైతే తడి గీత పొడి గీతకు సమాంతరంగా కిందికి దిగి ఉండాలి. కలుసుకున్నా, ఒకదాన్నొకటి దాటినా, తప్పు టేపుదో నాదో తేల్చే పని ఆ పిల్లలదే.